అక్కెనపల్లి వెండి నాణేలు, మన విభక్తులు

నల్లగొండ

ప్రియమైన మిత్రమా,

పాలమూరు నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. సెలవులకు ఇంటికి వచ్చి పది రోజులైంది. ఎవరు పలకరించినా ఒకటే ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చదవడానికి అమెరికా వెళ్ళినవాడికి లాటిన్, గ్రీకు ఎందుకని. చదువు మారలేదు. దానికి తోడు మైనర్‌గా, అంటే రెండో చిన్న పాఠ్యాంశంగా, ఈ రెండు భాషలు తీసుకున్నాను. మా కాలేజీలో ఆరు కోర్సులు పూర్తి చేయాలి, నాలుగు అయ్యాయి.

నీకు మాత్రం వివరంగా చెప్పాలి. ఎందుకంటే దీనికి పునాది మన తెలుగు పీరియడ్‌లోనే పడింది. "డు, ము, వు, లు ప్రథమా విభక్తి" అని ఇద్దరం గొంతెత్తి వల్లె వేసేవాళ్ళం, గుర్తుందా? లాటిన్ మొదటి వారంలోనే నా తోటివాళ్ళు తలలు పట్టుకున్నారు. ఇంగ్లీషులో మాట చోటు మారితే అర్థమే మారిపోతుంది మరి. మనకు "రాముడు రావణుని చంపెను" అన్నా "రావణుని రాముడు చంపెను" అన్నా చచ్చేది రావణుడే. లాటిన్‌లోనూ అంతే. "పుయెర్ పుయెల్లమ్ విదెత్" అన్నా, "పుయెల్లమ్ పుయెర్ విదెత్" అన్నా చూసేది పిల్లవాడు, కనిపించేది పిల్ల. ఆ చివరి మకారం నువ్వు చదివిన "రామమ్"లోని మకారమే!

నన్ను బాగా ఏడిపించింది ఆబ్లేటివ్. మనం తృతీయకు, పంచమికి, సప్తమికి పంచి ఇచ్చిన పనులను లాటిన్‌లో చాలావరకు ఆ ఒక్క విభక్తే మోస్తుంది. అది ఎదురైనప్పుడల్లా ఆగి, ఇది "చేత"నా, "వలన"నా, "అందు"నా అని తెలుగులో అడిగి చూసుకుంటాను. సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

గ్రీకు ఇంకా కష్టం. కానీ సంస్కృతం చదివిన నీకైతే అడుగడుగునా చుట్టాలు కనిపిస్తారు. "ఇస్తున్నాను" అనడానికి వాళ్ళది "దిదోమి", సంస్కృతంలో "దదామి". గ్రీకు మహాకవి హోమర్ కావ్యాల్లో సంస్కృతంలోలాగే ద్వివచనం కూడా ఉంది. మన తెలుగు ఆ కుటుంబానికి చెందినది కాదు, అయినా నల్లగొండను "జిల్లా కేంద్రం" అన్నప్పుడల్లా మనం గ్రీకు మాటే పలుకుతున్నాం. వృత్తం గీసేటప్పుడు కదలకుండా గుచ్చే మొనను వాళ్ళు "కెంత్రొన్" అన్నారు. అదే జ్యోతిషంతో పాటు సంస్కృతంలోకి, అక్కడి నుంచి మనకు వచ్చింది.

మొన్న బత్తాయి తోటలో నీళ్ళు పెడుతూ నాన్న అడిగారు: "ఆ లాటిన్ మాట్లాడేవాళ్ళే లేరంటున్నావు, నేర్చుకుని ఎవరితో మాట్లాడతావురా?"

అప్పుడు అక్కెనపల్లి సంగతి చెప్పాను. మన జిల్లాలోని ఆ ఊళ్ళో లాటిన్ మాట్లాడిన రోమన్ల వెండి నాణేలు 1,500కు పైగా బయటపడ్డాయి. పోయిన ఏడాది మా అధ్యాపకురాలు అగస్టస్ చక్రవర్తి నాణెం ఒకటి నా అరచేతిలో పెట్టారు. మన దేశంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఆ రకం చాలా ఎక్కువట. మన రూపాయి బిళ్ళకన్నా చిన్నది. ఒకవైపు అగస్టస్ తల, రెండోవైపు ఇద్దరు యువకులు, వాళ్ళ నడుమ డాళ్ళు, ఈటెలు. అంచు వెంబడి అరిగిన అక్షరాలు. వేలితో తడుముతూ కూడబలుక్కున్నాను: "పతెర్ పత్రియై", దేశానికి తండ్రి. పతెర్ అంటే మన పితృ శబ్దమే. ఇలాంటిదే మా ఊరి దగ్గర మట్టిలో రెండు వేల ఏళ్ళు పడి ఉందని తలచుకుంటే నా చెయ్యి వణికింది.

ఆ అక్షరాలు గట్టు మీద పుల్లతో రాసి చూపించాను. నాన్న చాలాసేపు చూసి, "మరి అంత డబ్బు పెట్టి ఇక్కడ ఏం కొన్నారు?" అన్నారు.

ఆ జవాబు చదవడానికే వచ్చే ఏడాది గ్రీకు కొనసాగిస్తున్నాను. 1వ శతాబ్దపు గ్రీకు వర్తకుడొకడు మన సముద్ర వ్యాపారం గురించి రాసిన "పెరిప్లస్"లో మసాలియా తీరపు నూలు బట్టల ప్రస్తావన ఉంది. అది మచిలీపట్నం ప్రాంతమేనని పండితులు అంటారు. అనువాదం చదివాను, మూలం చదవాలి.

వచ్చే ఆదివారం తప్పకుండా రా. నీ సంస్కృత ధాతురూపాల నోటు పుస్తకం తీసుకురా, గ్రీకు క్రియల పక్కన పెట్టి చూసుకుందాం. అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ నేస్తం