పటకంచాలో పదకొండు పడకలు: ఆండీస్ యాత్రపై ఒక ఫిర్యాదు

హైదరాబాద్,
2025 ఆగస్టు 18.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: పెరూ దేశంలో ఆండీస్ పర్వత, గ్రామ సందర్శన యాత్ర (2025 జులై 9–18). కార్యక్రమాన్ని ముందే మార్చి మాకు చెప్పకపోవడం, దానివల్ల నా భార్య ప్రాణం మీదికి రావడం, గ్రామస్తులకు చేరని సొమ్ము గురించి.

అయ్యా,

మీ సంస్థ నడిపిన పై యాత్రకు నేను, నా భార్య, మరో తొమ్మిది మంది వెళ్లి వచ్చాం. మనిషికి 3,85,000 రూపాయలు చెల్లించాం. తిరిగి వచ్చాక మీ సేవా విభాగానికి మూడు మెయిళ్లు రాశాను. మూడింటికీ ఒకటే జవాబు వచ్చింది: "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది." నేను రాసింది అభిప్రాయం కాదు, ఫిర్యాదు. అందుకే ఈసారి కాగితం మీద, రిజిస్టర్డ్ పోస్టులో, నేరుగా మీకే రాస్తున్నాను.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. ఏ కాగితం చేతికి వచ్చినా ముందు లెవెళ్లు, అంటే ఏ చోటు ఎంత ఎత్తున ఉందో చూస్తాను. నలుగురైదుగురి కార్యక్రమాలు పక్కపక్కన పెట్టుకుని చదివి, మీది ఎంచుకున్నది అందుకే. లిమా నుంచి విమానంలో కుస్కో చేరడం, అదే మధ్యాహ్నం అక్కడి నుంచి కిందికి, 2,800 మీటర్ల ఎత్తున ఉన్న ఒల్లంటాయ్‌టాంబోకు దిగిపోయి అక్కడ మూడు రాత్రులు ఉండడం, ఆ తర్వాతే లారెస్ అనే కొండ ఊరి నుంచి నడక మొదలుపెట్టడం. ఆ వరుస వేసినవారెవరో పని తెలిసినవారే. కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రపు ఒడ్డున ఉండేదానిలో మూడింట రెండు వంతులే. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచవద్దని వైద్యులు చెబుతారు. పగలు ఎంత ఎత్తు ఎక్కామన్నదాని కంటే, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ముఖ్యం. మీ కాగితంలో ఈ లెక్క సరిగ్గా కుదిరింది.

జరిగింది వేరు. జులై 9న కుస్కోలో దిగాం. మమ్మల్ని అక్కడే ఒక హోటల్లో ఉంచారు. రాత్రి 9.40కి ఫోనుకు మీ సందేశం వచ్చింది: గదుల సర్దుబాటు కుదరనందున ఒల్లంటాయ్‌టాంబో బస రద్దయింది, ఉదయం 5 గంటలకు లారెస్ బయలుదేరాలి అని. మా పదకొండు మందిలో ఆరుగురం యాభై అయిదు దాటినవాళ్లం. ఆ వేళప్పుడు, ఆ దేశంలో, భాష రాని చోట, ఎవరితో పోట్లాడతాం? బయలుదేరాం. వ్యాను 4,400 మీటర్లకు పైగా ఉన్న కనుమ ఎక్కి లారెస్ దిగింది. వేడినీటి బుగ్గల దగ్గర ఒక గంట ఆగి నడక మొదలుపెట్టాం. సాయంత్రానికి వాకావాసి ఊరికి పైన, దాదాపు 3,800 మీటర్ల ఎత్తున గుడారాలు వేశారు. 8వ తేదీ రాత్రి లిమాలో సముద్రపు ఒడ్డున పడుకున్న మనుషులు 10వ తేదీ రాత్రి అంత ఎత్తున పడుకున్నారు.

నా భార్యకు మధ్యాహ్నం నుంచే తలనొప్పి. రాత్రి పదింటికి వాంతులు మొదలయ్యాయి. పదకొండింటికి గుడారం బయటికి వచ్చి నిలబడబోయి తూలింది. మీ గైడు, నిజానికి ఆయనను మీ గైడు అనడానికి నాకు మనసొప్పడం లేదు, ఆమెను మడమకు బొటనవేలు ఆనించి తిన్నగా నాలుగు అడుగులు వేయమన్నాడు. వేయలేకపోయింది. ఆయన ముఖం మారిపోయింది. ఎత్తు వల్ల మెదడు వాచినప్పుడు కనిపించే గుర్తు అదని నాకు తర్వాత తెలిసింది. మీ పుస్తకం ఏడో పేజీలో "ప్రతి బృందంతో ఆక్సిజన్ సిలిండర్" అని ఉంది. సిలిండర్ ఉంది. దాని ముల్లు సున్నా మీద ఉంది.

అదే పేజీలో అత్యవసర ఫోను నంబరు, "24 గంటలూ" అన్న మాట ఉన్నాయి. గుట్ట ఎక్కితే సిగ్నల్ దొరికింది. అక్కడి నుంచి ఆరుసార్లు చేశాను. ఎవరూ ఎత్తలేదు. అక్కడ రాత్రి 11.20 అంటే ఇక్కడ ఉదయం 9.50. అర్ధరాత్రి ఎవరినో నిద్ర లేపానని మీరు అనడానికి లేదు. మీ కార్యాలయంలో తలుపులు తీసి, దేవుడి పటానికి అగరువత్తులు వెలిగించి, సీట్లలో కూర్చునే వేళ అది. కాల్స్ వివరాలు జతచేశాను.

గైడు ఇక ఎవరి అనుమతి కోసమూ చూడలేదు. ఆమెను గుర్రం మీద కూర్చోబెట్టి ఊళ్లోకి దింపాడు. ఒక ఇంటి తలుపు తట్టి, వాళ్ల పికప్ వ్యాను అడిగి, 3,200 మీటర్ల దగ్గర ఉన్న లారెస్‌కు చేర్చాడు. ఆ జబ్బుకు కిందికి దిగడమే అసలు మందు. తెల్లవారేసరికి ఆమె కళ్లు తెరిచి "కాఫీ దొరుకుతుందా?" అని అడిగింది. అప్పటికి నాకు ఊపిరి వచ్చింది. వ్యానుకు, డాక్టరుకు, లారెస్‌లో గదికి అయిన ఖర్చు నేనే పెట్టుకున్నాను. రసీదులు ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం. మీ ప్రకటనల్లో "కొండల మీద కూడా వేడివేడి పప్పన్నం" అని పెద్ద అక్షరాలతో వేశారు. దాన్ని మేమెవరమూ అడగలేదు. 3,800 మీటర్ల ఎత్తున నీళ్లు దాదాపు 87 డిగ్రీలకే మరుగుతాయి. ప్రెషర్ కుక్కర్ లేకుండా అక్కడ కందిపప్పు ఉడకదు. మీరు పప్పు పంపారు, కుక్కర్ పంపలేదు. పాపం ఆ వంటమనిషి మూడు గంటలు గ్యాసు తగలేసి, ఉడకని పలుకులను మా కంచాల్లో వడ్డించి, తానేదో తప్పు చేసినట్టు తల దించుకుని నిలబడ్డాడు. మర్నాడు తన పద్ధతిలో బంగాళాదుంపలు, కినోవా అనే అక్కడి గింజలు వేసి చారు కాశాడట. మావాళ్లు ఇప్పటికీ దాని గురించే చెప్పుకుంటున్నారు. గుర్రాలు తోలినవారికి గుడారమే లేదు. భోజనాల గుడారంలో బల్లలు తీసేశాక, టార్పాలిన్ పరచుకుని పడుకున్నారు. జులై ఆ ప్రాంతంలో గడ్డకట్టే చలికాలం. పొద్దున బకెట్‌లో నీళ్ల మీద మంచు పెళ్ల కట్టి ఉండేది.

అసలు సంగతి ఇంకాల నాటి పాత నగరం మాచు పిచ్చు టికెట్ల దగ్గర బయటపడింది. కార్యక్రమం ప్రకారం మేం అక్కడికి వెళ్లాల్సింది 16వ తేదీన. తీసుకెళ్లింది 14న. ఆ టికెట్లు పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీ, ప్రవేశించే సమయంతో సహా ముందే కొనాలి. గేటు దగ్గర నా టికెట్ చేతికి ఇచ్చినప్పుడు, అలవాటు కొద్దీ మొత్తం చదివాను. సందర్శన తేదీ జులై 14. కొన్న తేదీ మే 22. అంటే మమ్మల్ని రెండు రోజులు ముందుకు జరపాలని మీరు మే నెలలోనే నిర్ణయించుకున్నారు. జులై 9 రాత్రి పంపిన "గదుల సర్దుబాటు" సందేశం అబద్ధం. మిగిల్చిన రెండు రోజులను చివర్లో లిమాలో షాపింగ్ అన్న పేరుతో గడిపించారు. అది ఎవరి లాభానికో నేను ఊహించగలను, రాయను.

ఒప్పందంలో 14వ షరతును చూపిస్తారని తెలుసు: "అనివార్య కారణాల వల్ల కార్యక్రమం మారవచ్చు." ఏడు వారాల ముందే తెలిసినదాన్ని అనివార్యం అనరు. దాచిపెట్టడం అంటారు. ఆ ఏడు వారాల్లో ఏ ఒక్క రోజు చెప్పినా, ఎత్తుకు అలవాటు పడడానికి మేం సొంత ఖర్చుతో ముందుగా వెళ్లేవాళ్లం, లేదా మానుకునేవాళ్లం.

కొన్న టికెట్లయినా సరైనవి కావు. మాచు పిచ్చులో ఇప్పుడు మూడు సర్క్యూట్లు, అంటే చూసే దారులు ఉన్నాయి. మీరు కొన్నది మొదటిది. అందులో పై మడుల మీద నిలబడి నగరాన్ని చూడడమే, లోపలికి దిగనివ్వరు. మీ కాగితంలో ఉన్నది "నగర సందర్శన." ఊట నీటిని కాలువలో తెచ్చి, మెట్లు మెట్లుగా పదహారు ధారల్లోకి దింపిన పని ఆ నగరంలో ఉంది. ఒక కాలువల ఇంజనీరు అంత దూరం వెళ్లి దాన్ని పై నుంచి వేలు పెట్టి చూపించుకుని వచ్చాడు. సరే, అది నా సొంత బాధ.

నేను ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం ఇంకా చెప్పలేదు.

కార్యక్రమంలో 14వ తేదీ రాత్రి పటకంచా లోయలో నేతపని చేసే కుటుంబాల ఇళ్లలో బస. దానికి "గ్రామ సహకార రుసుము" పేరుతో మనిషికి 12,000 రూపాయలు విడిగా తీసుకున్నారు. మావాళ్లు కనుమ దాటి ఆ ఊరికి వచ్చింది 12వ తేదీన. ఊళ్లో ఆపకుండా వ్యాను ఎక్కించి ఒల్లంటాయ్‌టాంబోకు తీసుకొచ్చేశారు. నేత చూపిస్తామన్న మాట చెల్లించడానికి దారి పక్క ఒక దుకాణంలో నలభై నిమిషాలు ఆపారట. అక్కడొక అమ్మాయి అరచేతిలో కొచినీల్ పురుగును నలిపి, నిమ్మరసం పిండి, ఎరుపు నారింజగా మారడం చూపించిందట. పక్క బస్సువాళ్లకూ అదే మాట, అదే నవ్వు.

15వ తేదీ పొద్దున గైడు నా దగ్గరికి వచ్చి, "నేను ఒకసారి పటకంచా వెళ్లి ముఖం చూపించి రావాలి, వస్తారా?" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. వెళ్లాను.

ఆ ఊరికి తేదీ మారిందని ఎవరూ చెప్పలేదు. మే నెలలో మాకు చెప్పనట్టే వాళ్లకూ చెప్పలేదు. నాలుగు ఇళ్లవాళ్లు ముందు రాత్రి మా కోసం ఎదురుచూశారు. మట్టి గోడల గదుల్లో నేల తుడిచి, గొర్రె తోళ్లు పరచి, వాటి మీద తాము నేసిన దుప్పట్లు వేసి, పదకొండు పడకలు సిద్ధం చేశారు. మేం వెళ్లేసరికి అవి అలాగే ఉన్నాయి. రాత్రి మంచులో గడ్డకట్టించి, కాళ్లతో తొక్కి, ఎండబెట్టిన బంగాళాదుంపలను వాళ్లు చూన్యో అంటారు. దానితో కాచిన చారు పెద్ద కుండ నిండా ఉంది. మగపెళ్లివారు వస్తారని విడిది ఊడ్చి, వంటలు చేసి, రాత్రంతా వీధి వాకిట్లో కూర్చున్న ఇంటిని మీరు ఎప్పుడైనా చూశారా? నేను చూశాను.

వాళ్లలో ఒక ఇంటావిడ అక్కడి కొండవాసుల భాష క్వెచువాలో మాట్లాడింది, గైడు నాకు చెప్పాడు. తిట్టలేదు. "కనుమ దగ్గర దారి తప్పారేమో అనుకున్నాం. మా అబ్బాయిని టార్చిలైటు ఇచ్చి పైకి పంపాం. అర్ధరాత్రి దాటాక తిరిగి వచ్చాడు" అంది. నేను తల ఎత్తలేకపోయాను. ఆ చారు వేడి చేసి నాకే పెట్టింది.

అతిథులు వచ్చి వెళ్లాకే తలకు ఇంత అని మీ స్థానిక ఏజెంటు వాళ్లకు డబ్బు ఇస్తాడట. అతిథులు రాలేదు కనుక ఏమీ ఇవ్వలేదు. గైడు తన జేబులోంచి కొంత తీసి ఇవ్వబోతే ఆవిడ సగమే పుచ్చుకుంది. మీ పుస్తకం నాలుగో పేజీలో "ఐని" అనే క్వెచువా మాటను అచ్చు వేసి, అదే మీ సంస్థ విధానమని రాసుకున్నారు. ఇవాళ నీ పనికి నేను, రేపు నా పనికి నువ్వు అని దాని అర్థం. నాట్లప్పుడు మన రైతులు ఒకరి పొలానికి ఒకరు బదులు వెళ్తారే, అదే. మేం మా వంతుగా 1,32,000 రూపాయలు ఇచ్చాం. వాళ్లు తమ వంతుగా పడకలు వేశారు. మధ్యలో ఉన్నది మీరు.

నేను కోరేవి ఇవి. ఆ 1,32,000 రూపాయలు మాకు వెనక్కి వద్దు. పటకంచాలోని ఆ నాలుగు కుటుంబాలకు పూర్తిగా చేర్చి, అందినట్టు వాళ్ల రసీదు నాకు పంపండి. పదకొండు మందిమీ ఈ మాట మీద సంతకాలు చేశాం, ఆ కాగితం జతచేశాను. లారెస్ ఖర్చులు 41,600 రూపాయలు, రద్దయిన ఒల్లంటాయ్‌టాంబో బస సొమ్ము, టికెట్లలో తేడా మాకు తిరిగి ఇవ్వండి. సిలిండర్‌ను ఎవరు, ఎప్పుడు పరీక్షించారో రాతపూర్వకంగా చెప్పండి. తర్వాతి బృందం సెప్టెంబరులో వెళ్తోందని మీ ప్రకటనలో చూశాను. వాళ్ల టికెట్ల తేదీలు ఏమిటో ఇప్పుడే వాళ్లకు చెప్పండి.

గైడు నాతో ఏమి మాట్లాడాడన్నది పట్టుకుని ఆయన పని తీసేయాలని చూస్తే మాత్రం, ఆ రాత్రి జరిగినదంతా నేను ప్రమాణపత్రంగా రాసి ఇస్తాను. మీరు ఆయనకు జీతం కాదు, నా భార్య ప్రాణం బాకీ ఉన్నారు.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లోగా జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. ఆ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు. పదవీ విరమణ చేసినవాడిని కనుక తీరిక కూడా ఉంది.

ఇట్లు,
మీ జులై బృందంలోని ఒక యాత్రికుడు
(పేరు, బుకింగు నంబరు కవరు లోపలి పత్రంలో)

జతచేసినవి: ఒప్పంద పత్రం, కార్యక్రమ పుస్తకం 4, 7 పేజీలు, జులై 9 నాటి సందేశం, ఫోను కాల్స్ వివరాలు, మాచు పిచ్చు టికెట్లు, లారెస్ రసీదులు, పదకొండు మంది సంతకాల పత్రం.

తా.క.: "మీ యాత్ర ఎలా సాగింది? అయిదు నక్షత్రాలు ఇవ్వండి" అంటూ నా భార్య ఫోనుకు ఇప్పటికి పద్నాలుగు సందేశాలు వచ్చాయి. దయచేసి ఆపించండి. ఆ రాత్రి మేం చేసిన ఆరు ఫోన్లకు లేని మనిషి వీటికి ఎక్కడి నుంచి వచ్చాడని ఆమె అడుగుతోంది.