రక్షణ పొందినవారి బాకీలు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

సికింద్రాబాద్‌లో ముప్పై ఏళ్లుగా ఒకే సంఘంలో ఆరాధిస్తున్న విశ్వాసిని. చాలాకాలంగా నన్ను కలవరపెడుతున్న ఒక విషయాన్ని మీ పత్రిక ద్వారా తోటి క్రైస్తవుల ముందు ఉంచాలనుకుంటున్నాను.

మన సంఘాల్లో సాక్ష్యాల సమయం వచ్చిందంటే వీసా దొరికిందనో, ఇల్లు కొనుక్కున్నామనో, ఆపరేషన్ క్షేమంగా జరిగిందనో దేవునికి వందనాలు చెల్లించేవారు ఎందరో ఉంటారు. అది తగిన పనే. ఆయన చేసిన ఉపకారాలలో దేనినీ మరువవద్దని 103వ కీర్తన మనకు చిన్ననాటి నుండే నేర్పింది. అయితే అదే కీర్తన ఆ ఉపకారాలను లెక్కపెడుతూ అన్నిటికంటె ముందు చెప్పినది దోషముల క్షమాపణను. దాని గురించిన కృతజ్ఞత మాత్రం మనలో యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల ఆదివారం, రొట్టె చేతికి అందిన ఆ కొద్ది నిమిషాలతో ముగిసిపోతోంది. ఉద్యోగానికి కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాము. ఆ పాపక్షమాపణ వలన కలిగిన రక్షణకు సోమవారం నాడు ఏమి చేస్తున్నాము?

ఈ ప్రశ్న నాకు మా ఇంట్లోనే ఎదురైంది. నిరుడు మా అబ్బాయికి ఉద్యోగం వచ్చిన సందర్భంగా డాబా మీద కూడిక పెట్టాము. పాస్టరు గారు చక్కని వాక్యం చెప్పారు, బంధువులూ సంఘస్థులూ తృప్తిగా భోజనం చేసి వెళ్లారు. రాత్రి పదిన్నరకు కుర్చీలు ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్న షామియానా కుర్రవాడు తన కూలి అడిగితే, అలసటలో ఉన్న నేను ‘రేపు చూద్దాంలే బాబూ’ అన్నాను. అతను ఏమీ అనకుండా మిగతా కుర్చీలు మోసుకున్నాడు. పడుకునే ముందు మా ఆవిడ ‘ఆ అబ్బాయికి డబ్బులిచ్చేశారా అండీ?’ అని అడిగింది. కూలివాని కూలి పొద్దు గుంకకముందే ఇవ్వాలని, అతడు బీదవాడు గనుక దానిమీదనే ఆశ పెట్టుకొని ఉంటాడని ద్వితీయోపదేశకాండం చెబుతున్న సంగతి నాకు తెలియనిది కాదు. ఎన్నోసార్లు సండేస్కూలు పిల్లలకు నేనే బోధించాను.

ఆ రాత్రి మత్తయి సువార్త 18వ అధ్యాయం తీసి మళ్లీ చదివాను. రాజుకు పదివేల తలాంతులు అచ్చియున్న, అంటే బాకీపడిన, దాసుని గురించి యేసు ప్రభువు చెప్పిన కథ అది. ఒక తలాంతు దాదాపు ఆరు వేల దేనారములు. ఒక దేనారము కూలివాని ఒక్క రోజు కూలి. అంటే ఆ బాకీ ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి మూడు వందల రోజులు పనిచేసే మనిషి దానిని తీర్చడానికి రెండు లక్షల ఏళ్లు పడుతుంది. రాజు కనికరించి అదంతా కొట్టివేశాడు. బయటికి వచ్చిన ఆ దాసుడే తనకు నూరు దేనారములు, అనగా మూడు నెలల పైచిలుకు కూలి, అచ్చియున్న తోటివాని గొంతు పట్టుకున్నాడు. ఆ నూరు దేనారములు చిన్న మొత్తమేమీ కావు, నిజమైన బాకీయే. ప్రభువు దానిని కాదనలేదు. రెండు లక్షల ఏళ్ల బాకీ నుండి ఆ క్షణమే విడిపించబడిన చేయి అంత తొందరగా మరొకరి గొంతు మీదికి ఎలా వెళ్లిందన్నదే ఆయన మన ముందుంచిన ప్రశ్న.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. రక్షణ కృప చేతనే కలిగింది, క్రియల వలన కాదని పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక స్పష్టంగా చెబుతోంది; కాబట్టి కూలి సకాలంలో ఇవ్వడం, అన్నదమ్ములతో పొలం తగవు వదులుకోవడం సిలువకు వెల కట్టడం కాదు, వాయిదాల్లో తీర్చడం అంతకంటే కాదు. పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు మరల చెల్లిస్తానని అన్నది యేసు తన ఇంటికి వచ్చిన సంతోషంలో. ఆ సంతోషం అతని లెక్కల పుస్తకం దాకా వెళ్లింది. మన సంతోషం స్తుతి పాటల దగ్గరే ఆగిపోతోందని నా బాధ.

క్రిస్మస్‌కు హైదరాబాద్ నుండి వేలాదిగా వెళ్లే మనకు మెదక్ చర్చి తెలుసు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ మందిరాన్ని మిషనరీ పాస్నెట్ దొరగారు కరువు కాలంలో, ఆకలితో ఉన్నవారికి పనీ తిండీ కల్పిస్తూ కట్టించారు. ఆ గోపురాన్ని చూసి ఫొటోలు తీసుకునేవారు అది ఎవరి కడుపు నింపుతూ లేచిందో పిల్లలకు చెబితే బాగుంటుంది.

సంఘ పెద్దలకు నా మనవి ఒక్కటే. ప్రభువు బల్లకు ముందటి ఆదివారం ప్రకటనల్లో ఒక మాట చేర్చండి: పనిమనిషికి ఆపిన జీతం, తాపీ మేస్త్రీకి ఇవ్వవలసిన మిగులు, క్షమించామని చెప్పి ఇంకా మాట్లాడని బంధువు, వీటిని ఈ వారంలో సరిచేసుకొని రండి అని. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు ముందు కూడా ఈ మాట గుర్తు చేయండి.

నేను మరునాడు పొద్దున్నే షామియానా దుకాణానికి వెళ్లాను. కుర్రవాడు వేరే ఫంక్షన్‌కు వెళ్లాడని, డబ్బు తనకిచ్చి పొమ్మని యజమాని అన్నారు. అతని కూలి అతని చేతికే ఇవ్వాలని పదకొండు గంటల దాకా అక్కడే కూర్చున్నాను. వచ్చాక డబ్బు ఇచ్చి, రాత్రి నా తప్పయిందని చెప్పాను. అతను నోట్లు లెక్కపెట్టుకొని, ‘పర్లేదు సార్’ అని మళ్లీ కుర్చీలు ఎత్తాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్.