పువ్వులు రాలిన పాత ఫ్రేములు: ఆలస్యం ఎందుకు, డబ్బు ఎందుకు

పాత పటాల ఫ్రేములు మా దగ్గర బాగుచెయ్యడానికి ఇచ్చి ఎదురుచూస్తున్నవారికి నమస్కారం. ఫోన్లు చాలా వస్తున్నాయి, అందరికీ ఒకేసారి చెబుతున్నాను.

మీరు తెచ్చే వందేళ్లనాటి విలాయతీ ఫ్రేముల్లో చాలావాటి మీది పువ్వులూ లతలూ చెక్కినవి కావు. సుద్దపొడి, వడ్రంగులు వాడే వజ్రం (తోళ్లు ఉడికించి తీసే జిగురు), అవిసె నూనె, పైన్ బంక కలిపి ముద్ద చేసి, వేడిమీదే చెక్క అచ్చులో నొక్కి తీసి అతికించినవి. ఆ ముద్ద ఏళ్లు గడిచేకొద్దీ బిగుసుకుపోతుంది. కింది చెక్క మాత్రం వానకు ఉబ్బి ఎండకు తగ్గుతూనే ఉంటుంది. ఇద్దరికీ పొత్తు కుదరక అడ్డంగా పగులుతుంది, ముందు మూలలు రాలతాయి.

అదే పువ్వు ఫ్రేము మీద మరోచోట చెక్కుచెదరకుండా ఉంటే బతికిపోయినట్టే. పాత బంగారానికి జిడ్డు పట్టకుండా ముందు పల్చని పూత వేసి, సిలికాన్ రబ్బరుతో అచ్చు తీసి కొత్త ముక్క పోస్తాం. నాలుగు మూలలూ పోతేనే చిక్కు. ఊహించి పువ్వు పెట్టడం నావల్ల కాదు. మీ ఇంటి పాత పెళ్లి ఫోటోలు వెతకండి, వెనక గోడమీద ఆ ఫ్రేమే కనిపించవచ్చు.

ముక్క చెయ్యడం కంటే రంగు కలపడానికే ఎక్కువ రోజులు పడుతుంది, డబ్బూ అక్కడే. పైన వేసే సుద్ద పూత ఈ వానల్లో త్వరగా ఆరదు. తడిమీద బంగారు రేకు వేస్తే తర్వాత పగులుతుంది, అందుకే ఆపాను. వేసింది అసలు బంగారమా, ఇత్తడి రేకా అన్నది బిల్లుమీద రాసిస్తాను. ఎంత బాగా కలిపినా దగ్గరగా చూస్తే కొత్త ముక్క తెలుస్తుంది, ముందే అనుకోండి.

“గోల్డ్ పెయింట్ కొట్టేయండి చాలు” అనే పనులు ఇకమీద తీసుకోను. ఆ ఇత్తడి పొడి కొన్నేళ్లకు నల్లబడుతుంది, గీకబోతే కింది అసలు బంగారమూ పోతుంది.

పండగ దులుపుళ్లలో తడిగుడ్డ తగలనివ్వకండి, వజ్రం నీళ్లకు కరుగుతుంది. రాలిన ముక్కలు, చిన్నవైనా సరే, కవర్లో వేసి తెండి. ఫెవికాల్ పెట్టి మీరే అతికించకండి.

కొత్త పనులు దీపావళి తర్వాతే.