ఆ చెయ్యి కూడా గియ్యి

చిట్టితల్లీ,

నువ్వు గీసి పంపిన బొమ్మల కథ 46 పేజీలూ చదివాను. మూడుసార్లు. మొదటిసారి కథేమవుతుందోనని, రెండోసారి తండ్రిగా మురిసిపోతూ, మూడోసారి పెన్సిలు చేత్తో పట్టుకుని. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మూడోవాడు. కోపం తెచ్చుకోకు.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. నీ గదిలో గోడ మీది బొమ్మలు చూసి "ముఖంలో సగం కళ్ళేనా!" అని వెక్కిరించింది నేనే. జపాన్ బొమ్మల కథల (మాంగా) దిగ్గజం తెజుకా ఒసాముకి డిస్నీ బొమ్మలంటే ఇష్టమనీ, ఆ పెద్ద కళ్ళు అక్కణ్ణించే వచ్చాయనీ, మనసులో ఉన్నది కనబడాలంటే అంత చోటు కావాలనీ నువ్వే ఓపిగ్గా చెప్పావు. అప్పుడు ఊరికే తలూపాను. ఈమధ్య నీ అల్మరాలో 'స్లామ్ డంక్' అనే బాస్కెట్‌బాల్ మాంగా సంపుటాలు కనబడితే మొదటిది తీసి, కుడి నుంచి ఎడమకి చదవాల్సినదాన్ని ఎడమ నుంచి కుడికి చదవడం మొదలెట్టాను. "ఇదేంటి, వీడు ముందు దెబ్బలు తిని ఆ తర్వాత తగువు పెట్టుకుంటున్నాడు" అనుకుంటూ పదిహేను పేజీలు లాగించాక గానీ వెలగలేదు. మీ అమ్మ ఇప్పటికీ నవ్వుతోంది.

సరే, నీ కథలో తార సంగతికొస్తాను.

4వ పేజీలో తారకి భయమేసి, చొక్కా చేతిని వేళ్ళ మీదికి లాక్కుంటుంది. అంచుని లోపల్నుంచి బొటనవేలితో నొక్కిపట్టుకుంటుంది. ఒక్క మాట లేదు, ఓ మూల చిన్న గడి, అంతే. అది చూడగానే ఈ పిల్ల నాకు తెలుసు అనిపించింది. 7లో ఉంది, 9లో ఉంది, 12లోనూ ఉంది. ఆ తర్వాత చొక్కా చెయ్యి మాయం! 31లో స్నేహితురాలితో గొడవ. 32లో కిటికీ దగ్గర నిలబడి, తల మీద ఆలోచన బుడగలో "ఇక నేను భయపడను" అనుకుంటుంది. 38లో వేదికెక్కి హాలు నిండా ఉన్న జనం ముందు గడగడా మాట్లాడేస్తుంది.

ఆ బుడగని నేను నమ్మలేదమ్మా. అనుకుంటే మారిపోతారా ఎవరైనా? రేపట్నుంచి పొద్దున్నే లేస్తానని నేనెన్నిసార్లు అనుకున్నానో అమ్మనడుగు.

పాత్రకి ప్రాణం వస్తే, జపాన్‌లో మాంగా గీసేవాళ్ళు అది 'నిలబడింది' అంటారు కదా. తార 4వ పేజీలోనే నిలబడింది. 32 నుంచి దాన్ని చెయ్యి పట్టుకుని నువ్వు లాక్కెళ్తున్నావు.

'స్లామ్ డంక్' హీరో సకురాగినే చూడు. 31 సంపుటాలు, 1990 నుంచి 1996 దాకా ఇనోఉయె తకెహికో ఆరేళ్ళు గీశాడు గానీ, కథలో వాడు బంతి పట్టి నాలుగు నెలలే. మనసుపడిన హరుకో మెప్పు కోసం ఆటలోకి దిగినవాడు. కైనాన్ జట్టుతో ఆట ఆఖరి క్షణాల్లో తన మనిషే అనుకుని అవతలివాడికి బంతి అందిస్తాడు. ఓడిపోతారు. ఆ తర్వాత ఆ ఎర్రజుట్టంతా కత్తిరించేసుకుని కనబడతాడు. వాడెంత కుమిలిపోయాడో ఆ తల చూస్తే చాలు. ఇంకో ఆలోచన బుడగ ఎందుకు?

నన్ను పట్టేసింది మాత్రం వాడి ఎడమ చెయ్యి. బంతి వెయ్యడం నేర్పుతూ "ఎడమ చెయ్యి ఊరికే ఆనించడానికే" అని చెబుతారు. గొప్పలు తప్ప ఓపికన్నది ఎరగనివాడు కూర్చుని 20 వేలసార్లు అదే పని చేస్తాడు. సన్నో జట్టుతో ఆట చివరి క్షణాల్లో పేజీల మీద మాటలు ఆగిపోతాయి. చప్పుళ్ళు కూడా ఉండవు. ఆ నిశ్శబ్దంలో వాడి నోట వచ్చే మాట అదొక్కటే, ఎడమ చెయ్యి ఊరికే ఆనించడానికని. ఆ వెంటనే, ఒకే జట్టులో ఉండి కథంతా ఒకరంటే ఒకరికి పడని రుకావా, సకురాగి అరచెయ్యీ అరచెయ్యీ చరుచుకుంటారు. రెండు పేజీల నిండా ఆ బొమ్మే. నేను కాసేపు పుస్తకం మూసేశాను.

నువ్వే చదవమన్న ఓఇమా యోషితొకి గీసిన 'ఎ సైలెంట్ వాయిస్' కూడా గుర్తు చేసుకో. బడిలో చెవిటి పిల్లని ఏడిపించిన షోయా, ఏళ్ళ తర్వాత ఆమె పాత నోటుపుస్తకం తిరిగివ్వడానికి వస్తాడు. వచ్చి చేతులతో మాట్లాడతాడు. సైగలు రావాలంటే ఎన్నాళ్ళు కూర్చుని నేర్చుకోవాలి! ఆ నాళ్ళన్నీ ఆ వేళ్ళలోనే కనబడతాయి. వాడు చూడలేని మనుషుల ముఖాల మీద ఇంటూ గుర్తులు వేసి, ఒక్కొక్కటే రాలిపోయేలా చెయ్యడం గొప్ప ఊహే. నాకు మాత్రం ఆ చేతులే ఎక్కువ.

ఇక 20 నుంచి 25 దాకా నువ్వు గీసిన చిన్నప్పటి అవమానం. బాగా గీశావు, అందుకే తీసెయ్యమని చెప్పడానికి బాధగా ఉంది. భయం ఎలా వచ్చిందో ఆరు పేజీలు చెప్పావు. దానితో తార ఎలా తంటాలు పడిందో చెప్పడానికి ఒక్క పేజీ మిగల్లేదు. ఇందులో నాలుగు తీసేసి, 32కీ 38కీ మధ్య తార ఒక ప్రయత్నం చేసి బోర్లాపడేలా చూడు. ఏ ప్రయత్నమో నేను చెప్పను, కథ నీది.

ఇంకోటి. నువ్వు నేరుగా ఇంకు పేజీలే పంపావు. జపాన్‌లో గీసేవాళ్ళు 'నేము' అని ముందు పెన్సిలుతో గజిబిజిగా గడులూ మాటలూ వేసుకుని, ఎడిటరుకి చూపించి, తిట్లు తిని, మళ్ళీ వేస్తారట. ఈసారి నాకు ఆ గజిబిజే పంపు. అప్పుడైతే నేను పేజీ కొట్టేసినా నీకు ప్రాణం పోయినట్టుండదు. పేజీ తిప్పడం గురించి కూడా ఆలోచించు. మనం తెలుగులో ఎడమ నుంచి చదువుతాం గనక పాఠకుడు ఆగేది కుడి పేజీ అడుగున. తార వేదిక మెట్టెక్కే గడి ఇప్పుడు పేజీ నడిమధ్యన నలిగిపోతోంది. ఒక మెట్టు మీద కాలుపెట్టి ఆపు, తిప్పాక మిగతాది చూపించు.

తార భయం మొత్తం పోవాలని ఎవరన్నారు? 'డ్రాగన్ బాల్' మాంగాలో వెజీటా చివర్లో, తను పోటీపడే హీరో గోకూ తనకన్నా మేటి అని ఒప్పుకుంటాడు కదా. అప్పుడు కూడా వాడి పొగరు ఎక్కడికీ పోలేదు, అందుకే ఆ ఒప్పుకోలుకి అంత బరువు. తార కూడా చొక్కా చేతిని వేళ్ళ మీదికి లాక్కునే, ఆ గుడ్డతోనే మైకు పట్టుకుని మాట్లాడవచ్చు.

38వ పేజీ భూతద్దం పెట్టి చూశాను. ఏడు గడులు, ఏడింటిలోనూ తార మోచేతుల దగ్గరే ఆగిపోయింది. చేతులు గియ్యడం నీకు మహా చిరాకని నాకు తెలుసు. చిన్నప్పుడు మనుషులందరికీ జేబుల్లో చేతులు పెట్టించేదానివి. వేళ్ళు వంకరగా వచ్చినా పర్వాలేదు, ఆ చెయ్యి గీసి పంపు.

నాన్న