ఎలుకల మందు: మొదటి రోజు కుదుటపడితే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

చెన్నై పెరంబూరులో మా పక్కింటి మూడేళ్ల బాబు, పొయ్యిగట్టు కింద ఎలుకల పేస్టు రాసి పెట్టిన బ్రెడ్డుముక్కను నోట్లో పెట్టుకున్నాడు. వాంతి చేయించాలని వాళ్ల అమ్మమ్మ ఉప్పునీళ్లు కలుపుతుంటే నేనే ఆపాను. దానివల్ల మేలు లేకపోగా కీడే జరుగుతుంది. పసుపు భాస్వరం ఉన్న పేస్టుకు విరుగుడు లేదు. పైగా, మొదట్లో వచ్చిన వాంతులు తగ్గి మనిషి ఒకటి రెండు రోజులు తేరుకున్నట్టే కనిపించినా లోపల కాలేయం దెబ్బతింటూ ఉండవచ్చు కనుక, తొందరపడి ఇంటికి తెచ్చుకోకుండా కాలేయ పరీక్షలూ, రక్తం గడ్డకట్టే పరీక్షా మళ్లీ మళ్లీ చేయించాలి. బ్రోమాడియోలోన్ అనే మరో రకం ఎలుకల మందు కేకులకైతే విరుగుడుగా విటమిన్ కె ఉంది, కాకపోతే వారాల తరబడి వాడవలసి రావచ్చు. ఏ మందో తెలియడానికి ఆ నలిగిన ట్యూబును వెంట తీసుకెళ్లాం. వైద్యులు మొదట అడిగింది అదే. బాబు కోలుకున్నాడు. మన తెలుగువాళ్లు ఎందరో ఉన్న ఈ నగరంలో, ఆ ట్యూబులపై హెచ్చరికను తమిళంతో పాటు తెలుగులోనూ పెద్ద అక్షరాలతో ముద్రించాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై