సమ్మర్ క్యాంపుల పేజీలో బొమ్మల పనికీ కాస్త చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

వేసవి సెలవులు వస్తున్నాయంటే చాలు, మీ పేపర్లో సమ్మర్ క్యాంపుల వివరాలు వేస్తారు. ఈత, అబాకస్, రోబోటిక్స్, కీబోర్డు అన్నీ ఉంటాయి. మాలాంటివాళ్లు చేసే పని మాత్రం ఎప్పుడూ కనపడదు. విరిగిన ప్లాస్టిక్ బొమ్మలు, బొమ్మల కిట్లలో మిగిలిన తలలు, చేతులు, కత్తులు పోగేసి, అతికించి, ఎం-సీల్ లాంటి పుట్టీతో మలిచి, ఎక్కడా దొరకని కొత్త బొమ్మ తయారుచేయడం మా పని. చేత్తో చేసే పని పిల్లలకు నేర్పాలి అని అందరూ అంటారు కదా, మరి ఇదేం పాపం చేసింది?

ఇలాంటి బొమ్మలతో ఆడే వార్‌హ్యామర్ అనే ఆట ఇంగ్లండ్‌లో 1983లో వచ్చింది. టేబుల్ మీద రెండు సైన్యాలు మోహరించి పాచికలు వేస్తూ ఆడతారు. మనిషి బొమ్మ దాదాపు 28 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలిలో సగం. బయటి దేశం నుంచి వచ్చే బొమ్మల డబ్బా కొనాలంటే వేలల్లో పెట్టాలి, అందుకే మేం ఏ ముక్కనీ పారేయం.

ఇప్పుడు నా బల్ల మీద యాళి ఎక్కిన యోధుడు ఉన్నాడు. లేపాక్షి గుడి స్తంభాల మీద ఉంటుందే, సింహం ఒళ్లు, ఏనుగు తొండం ఉన్న జంతువు, అదే (డ్రాగన్లు చేసేవాళ్లు ఎలాగూ బోలెడుమంది ఉన్నారు). ఒళ్లు ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికిన బొమ్మ సింహానిది, యోధుడి నడుము ఒక కిట్‌ది, చేతులు ఇంకోదానివి. ఉత్త జిగురు పెడితే కిందపడగానే ఊడిపోతాయి కాబట్టి, రాణిగంజ్‌లో కొన్న సన్నటి డ్రిల్ బిట్టుతో రెండు వైపులా రంధ్రం చేసి, మధ్యలో పేపర్ క్లిప్ తీగ ముక్క దూర్చి, అప్పుడు ఫెవిక్విక్ వేస్తాను. తొండానికి ముందు రాగి తీగ వంచి, దాని మీద ఎం-సీల్ చపాతీ పిండిలా పిసికి పలచగా పట్టించాలి. అంతా ఒకేసారి చేద్దామనుకుంటే కుదరదు, ఈ వైపు దిద్దుతుంటే ఆ వైపు మన వేలి కిందే నలిగిపోతుంది, ఒక పొర గట్టిపడ్డాకే ఇంకోటి వేయాలి. జూలు, ముఖం లాంటి సన్నపని గ్రీన్ స్టఫ్ అనే పుట్టీతో బాగా వస్తుంది. పసుపు, నీలం ముద్దలు కలిపితే ఆకుపచ్చగా మారుతుంది, నిదానంగా గట్టిపడుతుంది, తీరిగ్గా గీతలు గీసుకోవచ్చు. గీయడానికి గుండుసూది, టూత్‌పిక్ చాలు, ఇంకా కావాలంటే కోఠీ సర్జికల్ షాపుల్లో పళ్ల డాక్టర్లు మైనం చెక్కే పనిముట్లు అడగండి. పనిముట్టు కొనను నీళ్లలో తడుపుతూ ఉండాలి, లేకపోతే పుట్టీ అంటుకుని వచ్చేస్తుంది.

"ఇంత వయసొచ్చి బొమ్మలాటలా" అనే చుట్టాలు నాకూ ఉన్నారు. వాళ్ల షోకేసులోనే కొండపల్లి దశావతారాలు ఉంటాయి, వాటిని మాత్రం కళ అంటారు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేతులు, కాళ్లు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, దానితోనే నునుపు చేసి, ఆ పైన రంగులేస్తారు. మేం చేసేది దాదాపు అదే పని, మక్కుకి బదులు ఎపాక్సీ పుట్టీ.

కాబట్టి ఈసారి ఆ పేజీలో దీనికి ఒక అర కాలమ్ ఇవ్వండి. పాత బొమ్మలు లేని ఇల్లు ఉండదు, ఫీజు కట్టే పని లేదు. వేస్తే జాగ్రత్తలు కూడా వేయండి: పచ్చి పుట్టీ చర్మానికి పడదు, గ్లవుజులు ఉండాలి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు మాస్కు పెట్టుకోవాలి. బ్లేడు, ఫెవిక్విక్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. చిన్నపిల్లలకి రంగులేసే పని అప్పగించండి, ఎలాగూ వాళ్లు కొట్లాడేది దానికోసమే.

ఇట్లు,
మీ పాఠకుడు,
మలక్‌పేట, హైదరాబాద్