సైరన్ మోతను బీజీఎం చేయకండి

అయ్యా,

సరిహద్దులో ఉద్రిక్తత పెరిగిన ప్రతిసారీ మన ఫోన్లలోకి వార్త కన్నా ముందు మోత వచ్చి పడుతోంది. వైమానిక దాడి సైరన్ శబ్దాన్ని అవగాహన కార్యక్రమాలకు తప్ప వాడవద్దని కేంద్ర పౌర రక్షణ విభాగం 2025 మే 10న మీడియాకు సూచించింది. రోజూ వింటూ ఉంటే అసలు సైరన్ మోగిన రోజు జనం కదలరన్నది దాని భయం. చానళ్ల సంగతి అటుంచితే, రీల్స్ చేసేవాళ్లకు ఆ సూచన చేరినట్టే లేదు.

హెచ్చరిక సైరన్ పైకీ కిందికీ ఊగుతుంది. ముప్పు తప్పిందని చెప్పే సైరన్ ఒకే శ్రుతిలో సాగుతుంది. మూడు సెకన్ల ముక్క కత్తిరించి, సాగదీసి, డప్పు కింద తిప్పి తిప్పి వేస్తే ఈ తేడా మాయమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ముట్టడిలో చిక్కిన సోవియట్ నగరం లెనిన్‌గ్రాడ్‌లో కార్యక్రమాల మధ్య రేడియో, లయ తప్పకుండా కొట్టే మెట్రోనోమ్ యంత్రం టిక్కుటిక్కును వినిపించేది. నిమిషానికి 50 దెబ్బల చుట్టూ నెమ్మదిగా కొడితే ప్రమాదం లేదని, 150 దాటి పరుగెడితే విమానాలు వస్తున్నాయని అర్థం. ఆ వేగాన్ని బట్టే జనం ప్రమాదాన్ని పోల్చుకునేవారు. అదే ఊళ్లో 1942 ఆగస్టు 9న సోవియట్ స్వరకర్త షోస్తకోవిచ్ ఏడో సింఫనీ వాయించి లౌడ్‌స్పీకర్లతో జర్మన్ సేనలకూ వినిపించారు. కచేరీకి అడ్డు రాకుండా ముందు సోవియట్ ఫిరంగులు జర్మన్ స్థావరాల మీద గుండ్లు కురిపించాయి. ఈ సంగతి వదిలేసి, సంగీతం ఒక్కటే శత్రువును వణికించిందని చెప్పేవాళ్లే ఎక్కువ.

సంగీతం చేసే పని వేరు. చెవి తెరిపిస్తుంది, నమ్మకం కూడగడుతుంది. ఆ నమ్మకాన్ని తర్వాత వచ్చే మాట వాడుకుంటుంది. 1943లో బ్రిటిష్‌వాళ్లు జర్మన్ సైనిక రేడియోలా నటిస్తూ ఒక స్టేషన్ నడిపారు. మంచి డ్యాన్సు రికార్డులు, ఆటల స్కోర్లు, చాలావరకు నిజమైన వార్తలు, వాటి మధ్య ఎక్కడో ఒక అబద్ధం. అబద్ధాల పాలు పెంచితే వినేవాడు స్టేషన్ మార్చేస్తాడని వాళ్లకు తెలుసు. రువాండాలో 1994 మారణహోమం నాటి గాయకుడు సిమోన్ బికిండికి అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2008లో 15 ఏళ్ల జైలు వేసింది. అది పాటలకు కాదు, బండికి కట్టిన మైకులో చంపమని జనాన్ని రెచ్చగొట్టిన మాటలకు. పాట ఒక్కోసారి పంపినవాడి మాట కూడా వినదు. 1941 నుంచి జర్మన్ల చేతిలోని బెల్‌గ్రేడ్ రేడియో రాత్రి పది గంటల వేళ వేసిన ‘లిలీ మార్లీన్’ జర్మన్ సైనికుల కోసమే అయినా, ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైనికులూ దాన్ని తమ పాట చేసుకున్నారు.

ఇప్పటి యుద్ధ రీల్‌కు శబ్దం ఎలా కూరుస్తారో చూడండి. అడుగున ఒకే శ్రుతి, తంబూరాలా. ఫోను స్పీకరు 200 హెర్ట్జ్ దిగువన సరిగా పలకదు కాబట్టి దానికి కాస్త కరుకుదనం కలుపుతారు. పై స్వరాలు వినబడితే లేని మంద్రాన్ని చెవి తనే పూరించుకుంటుంది. దాని మీద డప్పు. పేలుడుకు ముందు అర సెకను నిశ్శబ్దం, ఉలిక్కిపడేది అక్కడే. వ్యాఖ్యాత నోరు విప్పగానే సంగీతం తగ్గుతుంది, ఆపగానే లేస్తుంది. గుండె దడ పుట్టించింది ఆ కూర్పు. మనమేమో బొమ్మ చూసే దడ వచ్చిందనుకుంటాం.

అందుకని మొదటిసారి మ్యూట్‌లో చూడండి. సగం వీడియోల్లో పొగ తప్ప ఏమీ ఉండదు. తర్వాత బొమ్మ చూడకుండా వినండి, మనుషుల అరుపులు, గాలి హోరు లేకుండా శుభ్రంగా పేలుడు ఒక్కటే ఉంటే అనుమానించాలి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కిలోమీటరు దూరంలో పేలితే వెలుగు కనబడ్డ మూడు సెకన్లకు గానీ మోత చేరదు. దూరాన మంట, అదే క్షణంలో ధమ్మని మోత అంటే అది అతికించిందే అయి ఉంటుంది. వీడియో గేముల్లోని దృశ్యాలు యుద్ధ దృశ్యాలుగా తిరిగాయని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం 2025 మేలోనే చెప్పింది. స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాత బొమ్మ చాలాసార్లు బయటపడుతుంది.

మన చిత్తూరు పల్లెల భారత ఉత్సవాల్లో దుర్యోధన వధ నాడు దరువు ఎంత జోరెత్తినా పడుకున్నది మట్టి దుర్యోధనుడని అందరికీ తెలుసు. రీల్‌లో ఆ ఎరుక ఉండదు.

మీ పత్రిక వెబ్‌సైట్ వీడియోలకు సైరన్ వాడవద్దని, పాత దృశ్యం వేస్తే తేదీ తెర మీదే ఉంచాలని కోరుతున్నాం. రెండు సైరన్ల తేడాను తిరుపతి ఆకాశవాణి వారానికోసారి వినిపిస్తే, బడుల్లో ప్రార్థన వేళ పిల్లలకు నేర్పడం టీచర్లకు ఐదు నిమిషాల పని.

— సంగీత ఉపాధ్యాయులు, సౌండ్ రికార్డిస్టులు,
తిరుపతి